మేఘాల మీది కొలువు

మనకు అది కొన్ని గంటల ప్రయాణం; ఆమెకు అదే పనిచేసే చోటు. ఆ చోట పీల్చే గాలికీ, తగిలే కిరణాలకీ, కోల్పోయే నిద్రకీ లెక్క కట్టడానికి లోకానికి చాలా ఏళ్లు పట్టింది.

అర్ధరాత్రి దాటి గంటన్నర అయింది. శంషాబాదు నుంచి బయలుదేరిన విమానం అరేబియా సముద్రం మీద, 35,000 అడుగుల ఎత్తున సాగిపోతున్నది. లోపల దీపాలు తగ్గించారు. గల్ఫ్‌లో పనికి పోతున్న యువకుడొకడు కిటికీకి తల ఆనించి నిద్రలోకి జారుకున్నాడు. మనుమరాలిని తొలిసారి చూడబోతున్న ముసలమ్మ చెప్పులు విడిచి, కాళ్లు పైకి ముడుచుకుని, కొంగు నిండా కప్పుకున్నది. ఒక పెద్ద కుటుంబం ఒకే కప్పు కింద నిద్రపోతున్నట్లున్నది.

మెలకువగా ఉన్నది నడవలోని యువతి. ఆమె ముందున్న ఇనుపబండిలో భోజనాలు, నీళ్ల సీసాలు, పళ్లాలు ఉన్నాయి. నిండుగా ఉన్నప్పుడు అటువంటి బండి నూరు కిలోల బరువు దాటవచ్చు. విమానం తిన్నగా సాగుతున్నదని మనం అనుకుంటాం గాని, ఆ ఎత్తున కూడా దాని ముక్కు సుమారు రెండు మూడు డిగ్రీలు పైకి లేచే ఉంటుంది. అందుచేత ముందువైపు నెట్టిన ప్రతిసారీ ఆమె ఆ బరువును గట్టు ఎక్కిస్తున్నట్లే. చుట్టూ ఉన్న గాలిలో తేమ ఇరవై శాతం కన్న తక్కువ. లోపలి గాలి పీడనం ఆరేడు వేల అడుగుల కొండమీద ఉన్నంతే. చెవుల్లో ఇంజన్ల హోరు ఎడతెగదు. ఆమె మాత్రం చిరునవ్వుతోనే, "అమ్మా, నీళ్లు కావాలా?" అని అడుగుతుంది.

ఆమెను మనం ఎయిర్‌హోస్టెస్ అన్నాం. తెలుగులో విమాన పరిచారిక అనీ, గగనసఖి అనీ పేర్లు పెట్టుకున్నాం. ఒక మాట సేవను చెబుతుంది, మరొకటి స్నేహాన్ని చెబుతుంది. ఉద్యోగం చేసి బ్రతికే మనిషి అన్న అర్థం రెండింటిలోనూ లేదు. పేరులో లేనిది చాలాకాలం చట్టంలోనూ లేకపోయింది. ఐరోపా నిబంధనల ప్రకారం విమాన సిబ్బంది ఏడాదికి 900 గంటల దాకా గాలిలో ఉండవచ్చు. అంటే రాత్రింబవళ్లు కలిపి ముప్పయి ఏడున్నర రోజులు. మనం ఏడాదికి ఒకసారి చవిచూసేది ఏదైనా ఆమెకు నిత్యకృత్యం. పరిచారకులుగా పనిచేసే పురుషులకూ ఇదే వర్తిస్తుంది.

తక్కెడలో తూచిన కొలువు

ఈ వృత్తి ఒక నర్సుతో మొదలైంది. అమెరికాలోని అయోవా రాష్ట్రానికి చెందిన ఎలెన్ చర్చ్‌కు విమానం నడపడం వచ్చు. కాని ఆ రోజుల్లో ఆడమనిషిని పైలట్‌గా తీసుకునే సంస్థ లేదు. ప్రయాణికుల భయం పోవాలంటే విమానంలో ఒక నర్సు ఉండడం మంచిదని ఆమె బోయింగ్ ఎయిర్ ట్రాన్స్‌పోర్ట్ సంస్థను ఒప్పించింది. 1930 మే 15న ఓక్లండ్ నుంచి షికాగోకు బయలుదేరిన విమానంలో ఆమె తొలి పరిచారికగా అడుగు పెట్టింది. మధ్యలో పదమూడు చోట్ల ఆగుతూ సాగిన ఆ ప్రయాణానికి సుమారు ఇరవై గంటలు పట్టింది.

ఆ మొదటి జట్టులో ఎనిమిదిమంది నర్సులు. అందరూ అవివాహితలై ఉండాలి. వయస్సు ఇరవై అయిదు దాటకూడదు. బరువు 115 పౌన్లకు, ఎత్తు అయిదు అడుగుల నాలుగు అంగుళాలకు మించకూడదు. ఇరుకైన ఆనాటి విమానాలకు ఆ కొలతలు అవసరమేనని సమర్థించుకోవచ్చు. కాని విమానాలు పెద్దవైనా, పరిచారికను వయస్సుతో, ఆకారంతో, పెళ్లితో కొలిచే అలవాటు పోలేదు.

మన దేశమూ ఇందుకు మినహాయింపు కాదు. ఎయిరిండియా నిబంధనల ప్రకారం పరిచారిక ముప్పయి అయిదో ఏట పదవీ విరమణ చేయాలి. చేరిన నాలుగేళ్లలోపు పెళ్లి చేసుకున్నా, తొలిసారి గర్భవతి అయినా అంతకుముందే కొలువు వదలాలి. నర్గీష్ మీర్జా, ఆమె సహోద్యోగినులు వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1981 ఆగస్టు 28న తీర్పు చెప్పింది. గర్భం దాల్చిన స్త్రీని ఇంటికి పంపే నిబంధన అన్యాయమనీ, నిరంకుశమనీ కొట్టివేసింది. పదవీకాలాన్ని పొడిగించే అధికారాన్ని పూర్తిగా మేనేజింగ్ డైరెక్టరు ఇష్టానికి వదలడాన్నీ తప్పు పట్టింది. నాలుగేళ్ల వివాహ నిషేధాన్ని మాత్రం ఉండనిచ్చింది.

ఈ చరిత్రలో ఒక విచిత్రం ఉన్నది. పరిచారిక బరువును తక్కెడలో తూచారు, ఎత్తును గజంబద్దతో కొలిచారు, వయస్సును వేళ్ల మీద లెక్కపెట్టారు. ఆమె పీల్చే గాలిని మాత్రం ఎవరూ కొలవలేదు. ఆ పనికి పూనుకోమని అడిగినవారు చివరకు ఆ ఉద్యోగినులే.

ఒకే చెరువు, రెండు రేవులు

ఒకప్పుడు విమానాల్లో పొగ తాగేవారికి కొన్ని వరుసలు, తాగనివారికి కొన్ని వరుసలు కేటాయించేవారు. మధ్యలో గోడ లేదు, తలుపు లేదు. ఒకే చెరువులో ఒక రేవున గేదెలను కడుగుతూ, ఎదుటి రేవున మంచినీళ్లు ముంచుకున్నట్లుండేది ఆ ఏర్పాటు. పొగ కావలసినవారు పొగ వరుసల్లో కూర్చున్నారు, వద్దనుకున్నవారు దూరంగా కూర్చున్నారు. ఆ రెండింటి మధ్య గంటల తరబడి తిరిగే పరిచారికను ఏ వరుస కావాలని ఎవరూ అడగలేదు.

నార్మా బ్రోయిన్ అమెరికాలో అటువంటి పరిచారిక. ఆమె మోర్మన్ మతస్థురాలు. ఆ మతంలో పొగాకు నిషిద్ధం. జన్మలో సిగరెట్ ముట్టి ఎరగదు. 1989లో, ముప్పయి రెండేళ్ల వయస్సులో, ఆమెకు ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలింది.

1991లో ఆమె, మరికొందరు పరిచారికలు కలిసి సిగరెట్ కంపెనీల మీద మయామీ నగరంలో దావా వేశారు. వారి తరఫున వాదించినవారు స్టాన్లీ రోజెన్‌బ్లాట్, సుజాన్ రోజెన్‌బ్లాట్ అనే న్యాయవాద దంపతులు. పొగతాగని పరిచారికలు సుమారు అరవై వేలమంది తరఫున నడిచిన వ్యాజ్యం అది. ఇతరులు వదిలిన పొగను పీల్చి నష్టపోయినవారు ఇంతమంది కలిసి సిగరెట్ కంపెనీలను విచారణ దాకా లాగడం అదే మొదలు. నెలల తరబడి విచారణ సాగాక, 1997 అక్టోబరులో కంపెనీలు 30 కోట్ల డాలర్లకు రాజీపడ్డాయి.

ఆ మొత్తం పరిచారికల చేతికి రాలేదు. పొగ వల్ల వచ్చే జబ్బులను పరిశోధించే ఒక సంస్థను స్థాపించడానికి పోయింది. వ్యక్తిగత నష్టపరిహారం కోసం ఎవరికి వారు మళ్లీ కోర్టు మెట్లు ఎక్కవలసిందే. అయినా ఈ పోరాట కాలంలోనే ఆకాశం తేటపడింది. అమెరికాలో 1988లో రెండు గంటల్లోపు విమానాల్లో, 1990లో దాదాపు దేశీయ విమానాలన్నిటిలో, 2000లో ఆ దేశానికి వచ్చిపోయే విమానాలన్నిటిలో ధూమపానం నిషిద్ధమైంది. ఈనాడు మనం విమానంలో పొగలేని గాలి పీలుస్తున్నామంటే, అందులో ఆ ఉద్యోగినుల ఋణం ఉన్నది.

కంటికి ఆనని కిరణాలు

పొగ కంటికి కనిపిస్తుంది, ముక్కుకు తెలుస్తుంది. కనబడనిదీ, వాసన లేనిదీ మరొకటి ఉన్నది.

1912లో విక్టర్ హెస్ అనే ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు పరికరాలు వెంటబెట్టుకుని బెలూనులో అయిదు వేల మీటర్ల పైకి ఎక్కాడు. రేడియోధార్మికత భూమిలోంచే వస్తున్నదయితే పైకి పోయినకొద్దీ తగ్గాలి. కాని అది పెరిగింది. అంతరిక్షం నుంచి విశ్వకిరణాలు భూమి మీదికి ఎడతెగకుండా కురుస్తున్నాయని ఆ విధంగా తెలిసింది. 1936లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

మన తలల మీద ఉన్న వాయుమండలం ఆ కిరణాలకు అడ్డుగా పరచిన దుప్పటి వంటిది. దాని మందం పది మీటర్ల లోతు నీటితో సమానం. విమానం 35,000 అడుగులకు చేరేసరికి ఆ దుప్పటిలో సుమారు మూడు వంతులు కాళ్ల కిందికి పోతుంది, మిగిలిన ఒక వంతే తలపైన ఉంటుంది. భూమధ్యరేఖ దగ్గర భూమి అయస్కాంత క్షేత్రం కొంత కాపాడుతుంది. ధ్రువాలకు దగ్గరయిన కొద్దీ ఆ రక్షణ తగ్గిపోతుంది. కాబట్టి హైదరాబాదు నుంచి దుబాయికి తిరిగే పరిచారికకు తగిలే మోతాదు తక్కువ, అమెరికాకు ఉత్తరపు దారిన పోయివచ్చే పరిచారికకు ఎక్కువ. 2021 జనవరిలో మహిళా పైలట్లే నడిపిన విమానం శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఉత్తర ధ్రువం మీదుగా బెంగుళూరు చేరినప్పుడు దేశమంతా మురిసింది. మురియదగిన విషయమే. అయితే ఆ దారికి ఈ లెక్క కూడా ఒకటి ఉన్నదని గుర్తు పెట్టుకోవాలి.

రేడియేషన్ మోతాదును మిల్లీసీవర్టులలో కొలుస్తారు. మనిషికి ప్రకృతి నుంచి ఏడాదికి అందే మోతాదు ప్రపంచ సగటున 2.4 మిల్లీసీవర్టులు. అమెరికా జాతీయ రేడియేషన్ రక్షణ మండలి 2009లో ప్రకటించిన లెక్క ప్రకారం ఆ దేశపు విమాన సిబ్బందికి ఉద్యోగం మూలంగా అదనంగా చేరే మోతాదు సగటున ఏడాదికి సుమారు 3.1. అణువిద్యుత్ కేంద్రాల్లో పనిచేసేవారికి అదే లెక్కలో 1.9 మాత్రమే. అణుకేంద్రపు ఉద్యోగి చొక్కాకు మోతాదు కొలిచే బిళ్ల ఉంటుంది. పరిచారిక చొక్కాకు ఉండేది సంస్థ చిహ్నం.

ఇందులో బెంబేలు పడవలసినది లేదు. ఏడాదికి సగటున 20 మిల్లీసీవర్టులు మించరాదని వృత్తిదారులకు అంతర్జాతీయంగా పెట్టిన హద్దుకు ఈ మోతాదు చాలా దిగువన ఉన్నది. అయితే సాధారణ ప్రజలకు అదనపు మోతాదు ఒక మిల్లీసీవర్టు మించకూడదన్న సూత్రమూ ఉన్నది. గర్భస్థ శిశువుకూ అదే కొలత. అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ సంఘం 1990లోనే విమాన సిబ్బందికి తగిలే కిరణాలను వృత్తిపరమైన ప్రమాదంగా గుర్తించమన్నది. ఐరోపా దేశాలు 1996 నాటి ఆదేశంతో సిబ్బంది మోతాదును లెక్కగట్టడం, ఎక్కువ తగిలినవారి పని వేళలు మార్చడం, గర్భవతులకు రక్షణ కల్పించడం విధిగా చేశాయి. అమెరికాలో అదే విషయం సిఫారసుగా మిగిలిపోయింది. కిరణాలకు సరిహద్దులు లేవు. చట్టాలకు ఉన్నాయి.

ఇంజన్ గుండా వచ్చే గాలి

ఆ ఎత్తున బయటి గాలి బహు పలుచన, గడ్డకట్టించేంత చలి. దాన్ని మనిషి పీల్చగలిగేటట్లు చేయాలంటే అదిమిపెట్టి వేడి చేయాలి. జెట్ ఇంజన్‌లోని కంప్రెసర్ ఎలాగూ ఆ పని చేస్తున్నది గనుక, అక్కడి నుంచే కొంత గాలిని మళ్లించి, చల్లబరచి క్యాబిన్‌లోకి పంపుతారు. చాలా విమానాల్లో ఇదే పద్ధతి. తెలివైన ఏర్పాటే. చిక్కల్లా ఇంజన్‌లోని నూనెతో వస్తుంది. నూనెను ఆపే సీళ్లు ఎప్పుడైనా లీకయితే, కాలిన నూనె ఆవిరి కూడా ఆ గాలితో కలిసి లోపలికి వస్తుంది. తడిసిన మేజోళ్ల వాసన వస్తే అదేమిటో అనుభవమున్న పరిచారికలు వెంటనే పోల్చుకుంటారు.

ఆ నూనెల్లో ట్రైక్రెసిల్ ఫాస్ఫేట్ అనే రసాయనం కలుపుతారు. ఈ పేరు మన దేశానికి కొత్తది కాదు. 1988లో కలకత్తాలోని బెహాలా ప్రాంతంలో ఇదే రసాయనం కలిసిన వంటనూనె తిని వందలాదిమంది కాళ్లు చచ్చుబడి మంచాన పడ్డారు. కడుపులోకి పోయిన ఆ మోతాదు వేరు, విమానపు గాలిలో కలిసే మోతాదు వేరు. రెండింటినీ ఒక్కటిగా చూడడం న్యాయం కాదు. పరీక్షల్లో క్యాబిన్ గాలి మామూలుగా నిర్ణీత ప్రమాణాలకు లోబడే ఉన్నదని తేలింది. సిబ్బంది అడుగుతున్నది మామూలు రోజు సంగతి కాదు, సీలు లీకయిన రోజు సంగతి. ఆ రోజు గాలిలో ఏమున్నదో చెప్పే పరికరాలు చాలా విమానాల్లో అమర్చలేదు. కొలవనిదాన్ని రుజువు చేయడం ఎలా?

ఆస్ట్రేలియాకు చెందిన జోవాన్ టర్నర్ అనే పరిచారిక ఈ ప్రశ్నకు పద్దెనిమిదేళ్లు జవాబు వెతికింది. 1992లో ఆమె పనిచేస్తున్న విమానం దిగుతున్న సమయంలో క్యాబిన్ నిండా పొగ కమ్ముకున్నది. ఆ తర్వాత ఆమెను దగ్గు వదలలేదు. 2009లో న్యూసౌత్‌వేల్స్‌లోని ట్రిబ్యునల్, ఆ పొగ వల్లే ఆమె ఊపిరితిత్తులకు హాని జరిగిందని నిర్ధారించి సుమారు 1,39,000 ఆస్ట్రేలియా డాలర్ల పరిహారం ప్రకటించింది. విమాన సంస్థ దేశపు అత్యున్నత న్యాయస్థానాన్ని ఆశ్రయించింది. 2010లో ఆ న్యాయస్థానం అప్పీలుకు అనుమతి నిరాకరించింది. కొన్ని నిమిషాలు పీల్చిన పొగకు తీర్పు రావడానికి దాదాపు రెండు దశాబ్దాలు పట్టింది.

పరిష్కారం అసాధ్యమేమీ కాదు. 2011లో ప్రయాణాలు ప్రారంభించిన బోయింగ్ 787 విమానంలో క్యాబిన్ గాలిని ఇంజన్ నుంచి కాక, విడిగా విద్యుత్తుతో నడిచే కంప్రెసర్ల ద్వారా తీసుకుంటారు.

బెల్టు పెట్టుకోలేనివారు

గాలి కుదుపులు వచ్చినప్పుడు దీపం వెలుగుతుంది. సీటు బెల్టు బిగించుకోమని ప్రకటన వస్తుంది. మనం బిగించుకుంటాం. ఆ మాట చెప్పినామె మాత్రం నిలబడే ఉంటుంది. బండిని లోపల పెట్టి గడియ వేయాలి, వేడినీళ్ల పాత్ర భద్రం చేయాలి, నిద్రపోతున్నవారిని లేపి బెల్టు చూడాలి. తన కుర్చీ చేరడం ఆఖరి పని.

దీని ఫలితం అంకెల్లో స్పష్టంగా కనిపిస్తుంది. 2009 నుంచి 2022 వరకు అమెరికా విమానాల్లో కుదుపుల వల్ల తీవ్రంగా గాయపడినవారు 163 మంది. అందులో ప్రయాణికులు 34 మంది, సిబ్బంది 129 మంది. విమానంలో పరిచారికల సంఖ్య ప్రయాణికుల సంఖ్యలో ఏపాటిదో తలచుకుంటే ఈ లెక్క బరువు తెలుస్తుంది.

2024 మే 21న లండన్ నుంచి సింగపూరు వస్తున్న విమానం మయన్మార్ మీద హఠాత్తుగా పెద్ద కుదుపుకు లోనయింది. 4.6 సెకన్లలో అది 178 అడుగులు కిందికి జారింది. బెల్టు లేనివారు పైకప్పుకు కొట్టుకుని కింద పడ్డారు. ఒక వృద్ధ ప్రయాణికుడు మరణించాడు. పదుల సంఖ్యలో ప్రయాణికులు, సిబ్బంది గాయపడ్డారు. ఆ తర్వాత సింగపూర్ ఎయిర్‌లైన్స్ బెల్టు దీపం వెలుగుతున్నంతసేపూ భోజనాలు వడ్డించడం మానివేసింది. అదే ఏడాది ఆగస్టులో కొరియన్ ఎయిర్ సంస్థ ఎకానమీ తరగతిలో వేడి నూడుల్స్ ఇవ్వడం ఆపింది. ఒక కప్పు నూడుల్స్ కంటే ఒక చేయి కాలకుండా ఉండడం ముఖ్యమని ఎవరో గ్రహించారన్నమాట.

ముందుముందు ఈ ప్రమాదం తగ్గే సూచనలు లేవు. మబ్బు లేని నిర్మలాకాశంలో, రాడార్‌కు అందకుండా వచ్చే కుదుపులు కొన్ని ఉన్నాయి. ఉత్తర అట్లాంటిక్ మీద వీటిలో తీవ్రమైనవి 1979 నుంచి 2020 నాటికి 55 శాతం పెరిగాయని ఇంగ్లండులోని రీడింగ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2023లో వెల్లడించారు. భూమి వేడెక్కడం ఇందుకు కారణమని వారి అభిప్రాయం.

తప్పిన గడియారం

మన శరీరంలో ఒక గడియారం ఉన్నది. చీకటి పడగానే నిద్రను పిలిచేదీ, తెల్లవారుజామున లేపేదీ అదే. అర్ధరాత్రి పని మొదలుపెట్టి, తెల్లవారేసరికి మరో దేశంలో దిగి, మిట్టమధ్యాహ్నం కిటికీ తెరలు వేసుకుని నిద్రకు ప్రయత్నించే మనిషిలో ఆ గడియారం గతి తప్పుతుంది. రాత్రి పని వల్ల జీవగడియారం దెబ్బతినడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2007లో, మనిషికి క్యాన్సర్ కలిగించే అవకాశమున్న కారణాల జాబితాలో చేర్చింది. 2019లో మళ్లీ పరిశీలించి అదే మాట చెప్పింది.

హార్వర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 5,366 మంది అమెరికన్ విమాన సిబ్బందిని ప్రశ్నించి 2018లో తమ ఫలితాలు ప్రచురించారు. స్త్రీలలో రొమ్ము క్యాన్సర్ 3.4 శాతం మందికి వచ్చింది. వారితో పోల్చదగిన సామాన్య స్త్రీలలో అది 2.3 శాతం. చర్మ క్యాన్సర్లు కూడా ఎక్కువగానే కనిపించాయి.

కారణం కిరణాలా, తప్పిన నిద్రా, ఒకప్పటి పొగా, ఆలస్యంగా పిల్లలను కనడమా? అన్నీ ఒకే జీవితంలో ముడిపడి ఉన్నాయి. ఏ దారం ఎక్కడ మొదలైందో విడదీయడం శాస్త్రజ్ఞులకూ కష్టమే. మరొక చిక్కు కూడా ఉన్నది. ఈ ఉద్యోగానికి ఆరోగ్యవంతులనే ఏరి తీసుకుంటారు. అలా ఏరినవారిని సామాన్య జనంతో పోల్చినప్పుడు జబ్బులు తక్కువగా కనిపించాలి. సమానంగా ఉన్నా అనుమానించవలసిందే. ఎక్కువగా ఉన్నప్పుడు చెప్పనక్కరలేదు.

ఎవరి పరిధి?

నేలమీద ఉన్న కర్మాగారంలో యంత్రానికి కంచె లేకపోతే తనిఖీ అధికారి వస్తాడు. ఆకాశంలోని పనిచోటుకు వచ్చేదెవరు? అమెరికాలో 1975లో పౌర విమానయాన శాఖ, విమాన సిబ్బంది భద్రత తమ పరిధిలోనిదేనని ప్రకటించింది. దానితో కార్మికుల ఆరోగ్యాన్ని చూసే ప్రభుత్వ సంస్థ గడప బయటనే నిలిచిపోయింది. విమానం పడిపోకుండా చూడడం ప్రధానమైన శాఖకు పరిచారిక చెవుల మీదా, చేతుల మీదా దృష్టి నిలవలేదు. చివరకు 2013లో, వినికిడి రక్షణ, ప్రమాదకర రసాయనాల సమాచారం, రక్తం ద్వారా సోకే జబ్బుల నుంచి రక్షణ అనే మూడు విషయాల్లో కార్మిక ప్రమాణాలు క్యాబిన్‌కూ వర్తిస్తాయని ఒప్పుకున్నారు. ముప్పయి ఎనిమిదేళ్ల ఆలస్యం. రెండు పనుల మధ్య పది గంటల విశ్రాంతి ఇవ్వాలని అమెరికన్ కాంగ్రెస్ 2018లో చట్టం చేస్తే, అది నిబంధనగా రూపొందడానికి 2022 అక్టోబరు దాకా ఆగవలసి వచ్చింది.

చట్టం కంటే ఆలస్యంగా మారేది మన చూపు. 2022 డిసెంబరులో ఇస్తాంబుల్ నుంచి ఢిల్లీ వస్తున్న విమానంలో భోజనం విషయమై ఒక ప్రయాణికుడు పరిచారికతో గొడవపడ్డాడు. తాను ఉద్యోగినినే గాని అతని సేవకురాలిని కానని ఆమె గట్టిగా బదులు చెప్పింది. ఆ సంభాషణ చిత్రీకరణ దేశమంతా తిరిగింది. పరిచారిక అన్న పాతమాటకు ఆమె ఆ ఒక్క వాక్యంతో సవరణ వేసింది.

మన రక్షణ ఆమె చేతుల్లో

నీరజా భానోత్‌ను మనం మరచిపోలేదు. 1986 సెప్టెంబరు 5న కరాచీ విమానాశ్రయంలో దుండగులు స్వాధీనం చేసుకున్న విమానంలో ప్రయాణికులను కాపాడుతూ ఆమె ప్రాణాలు విడిచింది. ఇరవై మూడో పుట్టినరోజు ఇంకా రెండు రోజులుందనగా ఈ దారుణం జరిగింది. దేశం ఆమెకు అశోకచక్రం ఇచ్చి గౌరవించింది. ప్రాణమిచ్చిన పరిచారికను గుర్తించడం మనకు తెలుసు. ప్రాణంతో పనిచేస్తున్న పరిచారిక నడుమునొప్పిని, నిద్రలేమిని, దగ్గును గుర్తించడం ఇంకా నేర్చుకోవలసి ఉన్నది.

అది దయ కొద్దీ చేసే పని కూడా కాదు. 2024 జనవరి 2న టోక్యోలోని హనెడా విమానాశ్రయంలో దిగిన జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం, రన్‌వే మీద ఉన్న తీర రక్షక దళపు విమానాన్ని ఢీకొని అంటుకున్నది. ఆ చిన్న విమానంలోని అయిదుగురు దుర్మరణం పాలయ్యారు. పెద్ద విమానంలో 367 మంది ప్రయాణికులు, 12 మంది సిబ్బంది. ప్రకటనలు చేసే యంత్రం పనిచేయలేదు. ఎనిమిది ద్వారాల్లో మంట లేనివి మూడే. ఏది తెరవాలో, ఏది తెరవరాదో పరిచారికలు కిటికీల గుండా చూసి క్షణాల్లో నిర్ణయించారు. గొంతెత్తి, మెగాఫోన్ పట్టుకుని జనాన్ని నడిపించారు. విమానం బూడిదయింది. అందులోని 379 మందీ బయటపడ్డారు.

ఆ నిమిషాన మంట వైపు తలుపు తెరవకుండా ఆగిన చేయి అలసిపోయి ఉంటే ఏమయ్యేది? ఆమె నిద్ర, ఆమె గాలి, ఆమె వెన్నెముక ఆమె సొంత వ్యవహారాలు కావు. అవి విమానంలోని అందరి రక్షణలో భాగాలు. నిబంధనలు చేసేవారు చేయవలసినవి చాలా ఉన్నాయి. కూర్చున్నంతసేపూ బెల్టు పెట్టుకోవడం, బరువైన సంచిని ఆమె చేత పైకి ఎత్తించకపోవడం, దీపం వెలిగినప్పుడు టీ అడగకుండా ఆగడం మాత్రం మన చేతిలో ఉన్నవి.

అరేబియా సముద్రం మీద తెల్లవారబోతున్నది. విమానం దిగువకు మొగ్గింది. ముసలమ్మ లేచి చెప్పులు వెతుక్కుంటున్నది. నడవలోని యువతి వంగి, సీటు కిందికి జారిన చెప్పును తీసి ఇచ్చింది. తరువాత నడుము మీద చేయి ఆనించి మెల్లగా నిటారుగా నిలబడి, వరుస వరుసా బెల్టులు చూసుకుంటూ ముందుకు సాగింది. ముసలమ్మ ఆమె వంక ఒక్క క్షణం చూసి, "కాస్త కూర్చో అమ్మా" అన్నది.